నడిరోడ్డుపై మొండికేసే ఇంజన్

పరుగులో ఉన్న కారు ఉన్నట్టుండి ఆగి, మళ్లీ స్టార్ట్ కాకపోతే కారణం ఊహించనక్కర్లేదు, కనిపెట్టొచ్చు. అందుకు స్కానర్ కంటే ముందు పనికొచ్చేది డ్రైవర్ సాక్ష్యం

అంబాసిడర్, పద్మినిల కాలంలో ఎండాకాలం వస్తే రోడ్ల పక్కన ఒక దృశ్యం తరచూ కనిపించేది. బోనెట్ ఎత్తిన కారు, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ, చెట్టు నీడన ప్రయాణికులు. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై పంపు లాగలేకపోవడం జబ్బు, తడిగుడ్డ మందు. ఆ వైద్యం తెలియని డ్రైవర్ అరుదు. ఇప్పుడు బోనెట్ ఎత్తితే కనిపించేది నల్లటి ప్లాస్టిక్ మూత. పంపేమో వెనకెక్కడో ట్యాంకులో, పెట్రోలులోనే మునిగి ఉంటోంది.

ఈ మార్పు ఢిల్లీ కాలుష్యంతో మొదలైంది. దేశ రాజధాని ప్రాంతంలో అమ్మే కార్లు 1999 జూన్ 1 నుంచి యూరో-1, 2000 ఏప్రిల్ 1 నుంచి యూరో-2 ప్రమాణాలను అందుకోవాలని 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దాంతో కార్బురేటర్‌కు కాలం చెల్లింది. మారుతి 800 కూడా 2000లో ఎంపీఎఫ్ఐ ఇంజన్‌కు మారింది. పెట్రోలు ఎప్పుడు, ఎంత చల్లాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో కంప్యూటర్ నిర్ణయించడం మొదలైంది. కార్లు దారిలో ఆగిపోవడం తగ్గింది. కానీ ఆగిందంటే కారణం కంటికి కనిపించదు. దాంతో షెడ్డులో ఊహలు రాజ్యమేలతాయి. ముందు ప్లగ్గులు, తర్వాత కాయిల్, ఆపైన పంపు, చివరికి కంప్యూటర్. ఒక్కో ఊహకూ ఒక్కో బిల్లు.

ముందు ప్రాణం

ఇంజన్ ఆగిపోవడాన్ని చిన్న ఇబ్బందిగా చూస్తే ఏమవుతుందో అమెరికాలో జనరల్ మోటార్స్ ఉదంతం చెబుతుంది. ఆ కంపెనీ కొన్ని మోడళ్లలో ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండి, తాళం చెవి దానంతటదే పక్కకు తిరిగిపోయేది. పరుగులో ఉన్న కారు ఇంజన్ ఆగేది. దాంతోపాటు ఎయిర్‌బ్యాగులూ పనిచేసేవి కావు. కంపెనీ ఇంజనీర్లు మొదట్లో దీన్ని వినియోగదారుల సౌకర్యానికి సంబంధించిన సమస్యగానే లెక్కగట్టారు తప్ప భద్రతా లోపంగా చూడలేదు. చివరకు 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిపించారు. 124 మరణాలకు పరిహారం చెల్లించారు. అమెరికా ప్రభుత్వంతో కేసు పరిష్కారానికి 2015లో మరో 90 కోట్ల డాలర్లు కట్టారు.

ఇంజన్ ఆగినా బ్రేకులు పూర్తిగా పోవు. పాదానికి సాయపడే బూస్టర్‌లో రెండు మూడు సార్లు నొక్కడానికి సరిపడా వ్యాక్యూమ్ మిగిలి ఉంటుంది. అందుకే బ్రేకును పదేపదే తొక్కి వదలకుండా ఒకేసారి గట్టిగా, నిలకడగా నొక్కాలి. స్టీరింగ్ బరువెక్కుతుంది గానీ తిరుగుతుంది. తాళం చెవి మాత్రం బయటకు తీయకూడదు, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. నాలుగు ఇండికేటర్లూ వేసి, ఉన్న వేగంతోనే ఎడమ అంచుకు చేర్చాలి. జాతీయ రహదారి మీదైతే సహాయానికి 1033 నంబరు ఉంది.

మూడు ప్రశ్నలు

పక్కన ఆపాక మొదటి ప్రశ్న: ఇంజన్ ఎలా ఆగింది? స్విచ్ కట్టేసినట్టు ఒక్క క్షణంలో ఆగితే అనుమానం కరెంటు మీదికి పోవాలి. రిలే కావచ్చు, ఫ్యూజు కావచ్చు, సెన్సర్ కావచ్చు. కుదుపులు ఇస్తూ, పికప్ తగ్గుతూ ఆగితే పెట్రోలు అందడం లేదని అర్థం. చాలాసేపటి నుంచి బ్యాటరీ గుర్తు వెలుగుతూ, హెడ్‌లైట్లు మసకబారి ఆగితే మెకానిక్‌లు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇవ్వడం లేదు. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటి ఆగితే అది వేరే కథ. అప్పుడు సెల్ఫ్ కొట్టడమే తప్పు.

రెండో ప్రశ్న: సెల్ఫ్ కొడితే ఏమవుతోంది? టిక్కుమని ఊరుకుంటే బ్యాటరీ, దాని టెర్మినళ్లు చూడాలి. మామూలు వేగంతో తిరుగుతూ అంటుకోకపోతే పెట్రోలో, నిప్పురవ్వో, సెన్సర్ సంకేతమో అందడం లేదు. ఎప్పటికంటే తేలిగ్గా, గిర్రున తిరిగిపోతుంటే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. అలాంటి ఇంజన్‌ను తోసి స్టార్ట్ చేయబోతే వాల్వులకు పిస్టన్ తగిలి అవి వంగిపోయే ప్రమాదం ఉంది. డ్యాష్‌బోర్డుపై తాళం గుర్తు మిణుకుమిణుకుమంటే కారు తన తాళం చెవినే గుర్తుపట్టడం లేదన్న మాట. రెండో చెవితో ప్రయత్నించాలి.

మూడో ప్రశ్న: చల్లారాక స్టార్ట్ అవుతోందా? చాలా కేసుల్లో చిక్కుముడి ఇక్కడే ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్‌కు చెప్పే చిన్న సెన్సర్ ఒకటి ఇంజన్‌కు అతుక్కుని ఉంటుంది. అది మూగబోతే చాలా కార్లలో కంప్యూటర్ పెట్రోలునూ నిప్పురవ్వనూ ఆపేస్తుంది. పాతబడిన సెన్సర్ లోపలి తీగ వేడికి వ్యాకోచించి తెగినట్టై, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. అరగంటకు కారు ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు చేరేసరికి బుద్ధిగా నడుస్తుంది. మెకానిక్ చూసే కారు వేరు, రోడ్డు మీద ఆగిన కారు వేరు.

అరిగిన పెట్రోలు పంపు మోటారు కూడా వేడికి ఇలాగే మొరాయిస్తుంది. రెంటినీ విడదీసే ఆధారాలు డ్రైవర్ సీట్లోనే దొరుకుతాయి. తాళం తిప్పగానే చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నటి గుంయ్‌మనే శబ్దం వస్తుంది. అది పంపు. వినపడకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు అనుమానితులు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్పీఎం ముల్లు సున్నా దగ్గరే ఉండిపోతే క్రాంక్ సెన్సర్‌పై అనుమానం బలపడుతుంది. అన్ని కార్లలో ముల్లు కదలదు కాబట్టి ఇది సూచనే, రుజువు కాదు. సీఎన్‌జీ కారుకు ఇంకో సౌలభ్యం ఉంది. గ్యాస్‌పై ఆగిన ఇంజన్ పెట్రోలుపై స్టార్టయితే నిప్పురవ్వ, సెన్సర్ రెండూ బాగున్నట్టే. లోపం గ్యాస్ సరఫరాలో ఉన్నట్టు. అయితే గ్యాస్ వాసన వస్తుంటే ప్రయోగాలు మాని కారుకు దూరంగా వెళ్లాలి.

కోడ్ తీర్పు కాదు

షెడ్డులో మొదట బయటికొచ్చేది స్కానర్. కార్లలో లోపాలను నమోదు చేసే ఓబీడీ-2 వ్యవస్థ మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. కానీ స్కానర్ చూపే కోడ్ ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. పి0335 అని వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్లో లోపముందని అర్థం. ఆ సర్క్యూట్లో సెన్సరే కాదు, వైరు, నూనె పట్టిన కనెక్టర్ కూడా భాగమే. సెన్సర్ మార్చాకా కారు ఆగుతోందంటే తరచూ దోషి ఆ వైరే. పంపు విషయంలో కోడ్ రాకపోవచ్చు కూడా. అక్కడ కావలసింది ప్రెషర్ గేజ్. మామూలు ఎంపీఎఫ్ఐ కార్లలో ప్రెషర్ మూడు నుంచి నాలుగు బార్ల మధ్య ఉండాలి. బ్యాటరీ దగ్గర ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు సుమారు 14 ఉండాలి. పంపు మార్చాలంటున్న మెకానిక్‌ను ప్రెషర్ ఎంత వచ్చిందని అడగడం యజమాని హక్కు.

లోపం కంపెనీదైతే

కొన్నిసార్లు బిల్లు యజమాని కట్టాల్సిన పనే ఉండదు. 2020 జూన్‌లో హోండా 65,651 కార్లను, జులైలో మారుతి సుజుకి 1,34,885 వ్యాగన్ఆర్, బాలెనో కార్లను పెట్రోలు పంపు లోపంతో వెనక్కి పిలిపించాయి. పంపు వల్ల ఇంజన్ ఆగిపోవచ్చని, స్టార్ట్ కాకపోవచ్చని హోండా ప్రకటించింది. 2024 మార్చిలో మారుతి మరో 16,041 కార్లను ఇదే కారణంతో పిలిచింది. మార్పిడి ఉచితం. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారికి కంపెనీ లేఖలు అందకపోవచ్చు. కాబట్టి డబ్బు చెల్లించే ముందు చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్లోనో, డీలరు దగ్గరో విచారించాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్రానికీ దక్కింది. 2021 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. ఫిర్యాదులు నమోదైతేనే ఆ అధికారానికి పని. ఆగిన కారును ఎలాగో నడిపించుకుని వెళ్లిపోయే ప్రతి యజమానీ ఒక సాక్ష్యాన్ని చెరిపేస్తున్నట్టే.

రోడ్డు పక్కన చేయకూడనివి

* వేడెక్కిన ఇంజన్ రేడియేటర్ మూత తీయొద్దు. సలసల మరిగే నీళ్లు మీదికి చిమ్ముతాయి.

* వరద నీటిలో ఆగిన కారుకు సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి చేరిన నీటికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సాధారణ బీమా ఈ నష్టాన్ని చాలాసార్లు భరించదు.

* ఆగకుండా సెల్ఫ్ కొడుతూ ఉండొద్దు. అయిదారు సెకన్లు చాలు. లేదంటే బ్యాటరీ కూడా దిగి రెండో సమస్య తయారవుతుంది.

* బ్యాటరీ వైరు ఊడదీయొద్దు. కంప్యూటర్‌లో నమోదైన ఆధారాలు చెరిగిపోవచ్చు.

* మర్చిపోకముందే రాసుకోండి: ఎంతసేపు నడిచాక ఆగింది, ఏ లైట్లు వెలిగాయి, ఎన్ని నిమిషాలకు స్టార్టయింది. మెకానిక్‌కు ఆ కాగితమే సగం పని తగ్గిస్తుంది.