సఖి కేంద్రంలో 5 రోజులు, ఆ తర్వాత?

గృహహింస భరించలేక ఇల్లు వదిలి వచ్చిన మహిళ సఖి కేంద్రంలో, అంటే హింసకు గురైన మహిళలకు సాయం అందించే సర్కారు కేంద్రంలో, సాధారణంగా ఉండగలిగేది 5 రోజులు. ఆమె పెట్టుకున్న దరఖాస్తును మేజిస్ట్రేట్ తేల్చడానికి గృహహింస చట్టం పెట్టిన గడువు తొలి విచారణ నుంచి 60 రోజులు. రెండింటికీ మధ్య దాదాపు రెండు నెలల ఖాళీ. ఆ రెండు నెలలు ఎక్కడ తలదాచుకోవాలి, పిల్లలకు ఏం పెట్టాలి, వాళ్లను ఏ బడికి పంపాలి? జవాబు దొరక్కపోతే ఆరో రోజు పొద్దున ఆమె ఏ ఇంటి నుంచి పారిపోయి వచ్చిందో ఆ ఇంటికే తిరిగి వెళ్తుంది. ఆశ్రయ గృహాల గురించి మాట్లాడేటప్పుడు మనం భవనాలు, మంచాలు లెక్కపెడుతుంటాం. ముందు లెక్కపెట్టాల్సింది ఈ రెండు నెలల్ని.

అవసరం ఎంతో చూద్దాం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18-49 ఏళ్ల మధ్య వయసున్న, పెళ్లయిన మహిళల్లో భర్త చేతిలో హింసకు గురైనవారు దేశంలో 29.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. అంటే తెలంగాణలో ప్రతి 10 మందిలో దాదాపు నలుగురు. అదే సర్వేలో ఇంకో అంకె నన్ను ఎక్కువ కలవరపెట్టింది. భౌతిక లేదా లైంగిక హింసకు గురైన మహిళల్లో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. సాయం అడిగినవాళ్లు 14 శాతం. వాళ్లు కూడా ఎక్కువగా వెళ్లింది పుట్టింటివాళ్ల దగ్గరికే. పోలీసుల దాకా, లాయర్ల దాకా, సేవా సంస్థల దాకా వెళ్లినవాళ్లు చాలా తక్కువ. సర్వే ఇచ్చిన కారణాల్లో ఏదో ఒకదానికి భర్త కొట్టడం సబబేనని ఒప్పుకున్న మహిళలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. పుట్టినప్పటి నుంచి 'సర్దుకుపో' అన్న మాటే విన్న మనిషి ఏదో ఒక రోజు సర్దుకోలేక గడప దాటిందంటే ఆమె అప్పటికే ఎంత భరించి ఉంటుందో ఊహించుకోవచ్చు. అలా వచ్చినామెను మొదటి తలుపు దగ్గరే 'కంప్లయింట్ కాపీ ఉందా?' అని అడగడం కన్నా అన్యాయం లేదు.

ఎన్ని చోట్లుండాలన్నదానికి యూరప్‌లో ఒక కొలమానం ఉంది. ప్రతి 10,000 జనాభాకు ఒక కుటుంబం, అంటే ఒక తల్లి, ఆమె పిల్లలు, ఉండగలిగే చోటు ఆశ్రయ గృహాల్లో ఉండాలని కౌన్సిల్ ఆఫ్ యూరప్ సూచించింది. 2011 నాటి ఇస్తాంబుల్ ఒప్పందం వివరణ పత్రంలోనూ ఆ లెక్క ఉంది. దాన్ని మన దగ్గర వేసి చూస్తే? 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో 3.5 కోట్ల మంది ఉన్నారు కాబట్టి 3,500 కుటుంబాలకు చోటుండాలి. సుమారు 4.95 కోట్ల జనాభా ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 4,950 కుటుంబాలకు ఉండాలి. స్వాధార్ పథకం ఉన్నప్పుడు మనం పెట్టుకున్న లక్ష్యమేమో జిల్లాకు 30 మంది మహిళలు ఉండగలిగే ఒక స్వాధార్ గృహం, అంటే నిరాశ్రయ మహిళల ఆశ్రయ గృహం. తెలంగాణలోని 33 జిల్లాల్లోనూ ఆ లక్ష్యం పూర్తిగా నెరవేరినా మొత్తం 990 మందికే చోటు. ఆ గృహాలు భర్తల హింసకు గురైన మహిళలకు మాత్రమే పరిమితమైనవి కూడా కావు. యూరప్ ఒప్పందం మనకు వర్తించదు, నిజమే. అయినా ఎంత దూరంలో ఉన్నామో తెలుసుకోవడానికి ఈ లెక్క పనికొస్తుంది.

చోటు తక్కువే కావచ్చు, చట్టం మాత్రం గట్టిదే. 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం 6వ సెక్షన్ ప్రకారం బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణాధికారి (ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడే ప్రభుత్వ అధికారి) గానీ, సేవా సంస్థ గానీ అడిగితే ఆశ్రయ గృహం చోటివ్వాలి. గృహహింస నివేదిక ముందే దాఖలు కాలేదన్న సాకుతో చోటు నిరాకరించకూడదని 2006 నాటి నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆమె కోరితే ఆమె వివరాలను బయటపెట్టకూడదు, ఎవరి మీద ఫిర్యాదు ఉందో అతనికి అసలే చెప్పకూడదు. ఈ నిబంధనలను పెద్ద అక్షరాల్లో రాసి ప్రతి ఆశ్రయ గృహం ఆఫీసు గదిలో పెట్టాలి. రాత్రి డ్యూటీలో ఉండే ఆయాకూ, గేటు దగ్గరి వాచ్‌మన్‌కూ చదివి వినిపించాలి. అర్ధరాత్రి తలుపు తీసేదీ, తీయనిదీ వాళ్లే.

తలుపు తీశాక మొదటి గంటలో ఏం జరగాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఆరోగ్య సిబ్బంది కోసం తెచ్చిన కరదీపికలో 5 పనులు చెప్పింది: మధ్యలో అడ్డుపడకుండా వినడం, ఇప్పుడేం కావాలో అడగడం, నమ్ముతున్నామని చెప్పడం, ప్రాణభయం ఎంతుందో చూసి భద్రత పెంచడం, అవసరమైన సాయంతో కలపడం. అందులో 'రాజీ' లేదు. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే చాలామంది మనసులో మెదిలేది భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, 'పిల్లల ముఖం చూసి కలిసి ఉండండి' అని పంపించేయడమే. పెద్దమనుషుల పంచాయితీలో జరిగేది అదే. అదే ఆశ్రయ గృహంలోనూ జరిగితే అక్కడిదాకా వచ్చి ఆమెకు ఒరిగేదేముంది? ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. ఆమె ఒప్పుకోకుండా భర్తకు గానీ, పుట్టింటికి గానీ ఫోన్ చేయకూడదు. తిరిగి వెళ్తానని తనే అంటే తిట్టకుండా, మళ్లీ రావాల్సి వస్తే ఈ తలుపు తెరిచే ఉంటుందని చెప్పి పంపాలి. అలా వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లను 'మళ్లీ వచ్చిందా' అన్న చూపు చూడకపోవడం సిబ్బందికి నేర్పాల్సిన మొదటి పాఠం.

పిల్లల సంగతి దగ్గర చాలా పథకాలు తడబడతాయి. సఖి కేంద్రాలు 2015లో మొదలయ్యాయి. తొలినాటి నిబంధనల ప్రకారం ఆడపిల్లలు ఏ వయసువాళ్లయినా తల్లితో ఉండనిచ్చేవారు. మగపిల్లలకు 8 ఏళ్లు దాటితే చోటు ఉండేది కాదు. స్వాధార్ గృహాల నిబంధనల్లోనూ అదే 8 ఏళ్ల గీత ఉండేది. పదేళ్ల కొడుకును బాలల సదనానికి పంపితేనే చోటిస్తామంటే ఏ తల్లి గడప దాటుతుంది? కొడుకును వదల్లేక దెబ్బలు తింటూ ఉండిపోతుంది. వయసు గీత గీసి వదిలేయకుండా, కుటుంబానికో గది చొప్పున విడిగా కేటాయించడం దీనికి పరిష్కారం. స్థలం లేకపోతే అద్దె ఇల్లయినా చూడాలి.

బడి విషయంలో చట్టం తల్లి పక్షానే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6-14 ఏళ్ల పిల్లలకు టీసీ రావడం ఆలస్యమైందని గానీ, వయసు ధ్రువపత్రం లేదని గానీ ప్రవేశం నిరాకరించకూడదు. ఇది తెలిసిన ఆశ్రయ గృహం వారంలోపే పిల్లల్ని దగ్గరి సర్కారు బడిలో చేర్చగలదు. తెలియని చోట టీసీ కోసం తల్లిని మళ్లీ ఆ ఊరికే పంపుతారు. ఆమె కోసం భర్త కాపు కాసే చోట్లలో ఆ బడి ఒకటి.

ఇక ఫోన్. ఆచూకీ దానివల్ల బయటపడవచ్చు. గూగుల్ ఖాతా భర్త తెరిచిందైతే ఆమె ఎక్కడుందో అతను ఇంట్లో కూర్చునే చూడగలడు. ఆమె వాట్సాప్‌ను తన కంప్యూటర్‌కు కలుపుకుని ఉంటే మెసేజీలన్నీ చదవగలడు. అందుకని వచ్చిన రోజే, ఆమె ఎదుటే, ఆమె అనుమతితో లొకేషన్ షేరింగ్ ఆపడం, ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చడం, వాట్సాప్‌లో లింక్ అయిన పరికరాలను తొలగించడం చేయాలి. ఆధార్‌తో ముడిపడిన మొబైల్ నంబరు భర్తదే అయితే ఇంకో చిక్కు. బ్యాంకులో గానీ, పింఛనుకు గానీ, ఆస్పత్రిలో గానీ ఆధార్‌తో ధ్రువీకరించే ఓటీపీ అతనికే వెళ్తుంది. ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి నంబరు మార్చుకోవచ్చు. ఉమ్మడి ఖాతా కాకుండా ఆమె పేరిట విడిగా బ్యాంకు ఖాతా తెరిపించాలి. కుట్టు మిషన్ శిక్షణ కన్నా ముందు జరగాల్సిన పనులివి.

కేసు కోసం ఆమె అత్తగారి ఊరికి తిరగాల్సిన అవసరం లేదు. గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేటు దగ్గరే దరఖాస్తు పెట్టవచ్చు. అత్తింటి క్రూరత్వం కేసును కూడా ఆమె తలదాచుకున్న చోట పెట్టవచ్చని 2019 ఏప్రిల్‌లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఇల్లు వదలాల్సింది ఎప్పుడూ ఆమేనని లేదు. 19వ సెక్షన్ కింద భర్తనే ఇంటి నుంచి బయటికి పంపమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఆ ఇల్లు అత్తమామల పేరిట ఉన్నా, కాపురం చేసిన ఇల్లయితే అందులో ఉండే హక్కు కోరవచ్చని 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి ఆశ్రయ గృహం ఆమెకు మంచం చూపించడంతో ఆగదు, ఆమె ఇంటి మీద ఆమెకున్న హక్కును కూడా చెబుతుంది.

అయితే చట్టం చెప్పే 60 రోజులు కాగితం మీదే. 2022 జులై 1 నాటికి దేశంలో ఈ చట్టం కింద పెండింగ్‌లో ఉన్న కేసులు 4.71 లక్షలని సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. చాలాచోట్ల రక్షణాధికారి అంటే వేరే పని కూడా చూసే ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే పథకం) అధికారే. జిల్లా, తాలూకా స్థాయుల్లో రక్షణాధికారులను నియమించాలని, ఆశ్రయ గృహాలు అందుబాటులో ఉండేలా చూడాలని 2025 మేలో కోర్టు రాష్ట్రాలను మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. చట్టం అమల్లోకి వచ్చిన 18 ఏళ్ల తర్వాత!

కాబట్టి వాస్తవంలో కావాల్సింది నెలల తరబడి ఆసరా. స్వాధార్ గృహాల నిబంధనలు గృహహింస బాధితులకు ఏడాది వరకు చోటిచ్చాయి. ఇప్పుడవి కేంద్ర ప్రభుత్వ పథకమైన మిషన్ శక్తి కింద శక్తి సదన్‌లలో కలిశాయి. సఖి కేంద్రంలో అయిదో రోజు ముగిసేలోపు శక్తి సదన్‌లో గది ఖాయం కావాలి. ఆ బాధ్యత ఆమెది కాదు, కేంద్రం నిర్వాహకురాలిది. పల్లె నుంచి వచ్చినామెకు ఇంకో నష్టం ఉంది, ఎవరూ పట్టించుకోనిది: డ్వాక్రా సంఘం. ఆమె పొదుపు, అప్పు, పరపతి అన్నీ ఆ ఊరితోనే ముడిపడి ఉంటాయి. ఊరు వదిలితే అవన్నీ పోతాయి. సంఘం సభ్యత్వాన్ని కొత్త చోటికి మార్చే ఏర్పాటును రెండు రాష్ట్రాల గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థలు చేయగలవు, చేయాలి.

దేశం దాటి అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకైతే వీసా మరో సంకెల. డిపెండెంట్ వీసా మీద వెళ్లిన భార్యకు అక్కడ ఉండే హక్కు భర్త ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి, న్యూయార్క్‌లో 1989లో ఏర్పడిన సఖి, బే ఏరియాలో 1991 నుంచి ఉన్న మైత్రి అనే సంస్థలు దక్షిణాసియా మహిళల కోసమే పనిచేస్తున్నాయి. నేరానికి గురై దర్యాప్తుకు సహకరించినవారికి యూ వీసా ఉంది, ఏడాదికి 10,000 మాత్రమే. భాష తెలిసిన మనిషి, ఇమిగ్రేషన్ లాయరు, ఇద్దరూ ఉన్న గృహమే అక్కడ నిజమైన ఆశ్రయం.

ఎక్కడైనా ఆశ్రయం జైలు కాకూడదు. ఫోన్ లాక్కోవడం, బయటికి వెళ్లనివ్వకపోవడం, ఉత్తరాలు విప్పి చూడడం భద్రత కిందికి రావు. బయటి కళ్లు పడని చోట ఏం జరుగుతుందో బిహార్ చూపించింది. 2018లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ సోషల్ ఆడిట్‌తో ముజఫర్‌పుర్ బాలికల గృహంలోని అత్యాచారాలు బయటపడ్డాయి. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి గృహంలో ఏటా స్వతంత్ర సంస్థతో ఆడిట్ చేయించాలి. ఎంతమంది వచ్చారన్నదే కాకుండా, ఎంతమందిని వెనక్కి పంపారు, ఎందుకు పంపారు, ఆరు నెలల తర్వాత వాళ్లు ఎక్కడున్నారు అన్నది కూడా నివేదికలో ఉండాలి.

మీకు తెలిసినామె ఎవరైనా గడప దాటి మీ ఇంటికి వస్తే 'ఏం జరిగింది, నువ్వేం అన్నావు' అని అడగకండి. ముందు అన్నం పెట్టండి, పడుకోనివ్వండి. ఆమె సరేనంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ప్రాణభయం ఉంటే అత్యవసర నంబరు 112కి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం. దానికి నంబరు 15100.