టప్ టప్‌మనే బుల్లెట్: తప్పు సైలెన్సర్‌దా, కార్బరేటర్‌దా?

తాతయ్య తర్వాత ఆయన బుల్లెట్ 350 నా చేతికొచ్చింది. పాత ఇనప ఇంజన్ బండి. 346 సీసీ, 18 హార్స్‌పవర్. సెకండియర్ వేసవి సెలవుల్లో దానికి మడ్‌గార్డులు కోయించి, సింగిల్ సీటు పెట్టించి, లోపల ఏమీ లేని పొట్టి సైలెన్సర్ వేయించాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి చిన్న కోన్ ఫిల్టర్ తగిలించాను. కార్బరేటర్ని మాత్రం ముట్టుకోలేదు. ఇక ఎక్సలేటర్ వదిలిన ప్రతిసారీ వెనక టప్, టప్, ఢామ్! "రేసింగ్ బండి సౌండ్ రా" అన్నారు ఫ్రెండ్స్. నేనూ నమ్మేశాను.

ఒకరోజు పొద్దున్నే మా ఊరి కాలవగట్టు మీద మలుపు దగ్గర ఎక్సలేటర్ వదిలాను. ఢామ్మంది. ముందు నడుస్తున్న పాలమ్మే మామ్మ ఉలిక్కిపడి తూలి పడింది. పాల క్యాను దొర్లిపోయింది. మోచెయ్యి గీరుకుపోయింది. అంతకన్నా పెద్ద దెబ్బ తగల్లేదు, అదృష్టం. పాల డబ్బులిస్తే తీసుకుంది. "డబ్బులు సరే బాబూ, రేపు ఈ దారిన నేనెలా రాను?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తాతయ్య రోజుల నుంచీ ఆ బండిని చూస్తున్న మెకానిక్ బాబాయ్ దగ్గరికెళ్లాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. అప్పుడు తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

పేలేది ఎక్కడ?

మనం అన్నిటినీ బ్యాక్‌ఫైర్ అనేస్తాం కానీ ఇవి రెండు రకాలు. మంట వెనక్కి తన్ని కార్బరేటర్ లోంచి "ఫట్" మంటే అది అసలు బ్యాక్‌ఫైర్. టైమింగ్ తేడా, ఇన్‌టేక్ వాల్వ్ సరిగ్గా మూసుకోకపోవడం లాంటివి కారణాలు. సైలెన్సర్‌లో పేలితే దాని పేరు ఆఫ్టర్‌ఫైర్. కస్టమ్ బళ్లలో ఎక్కువగా వినపడేది ఈ రెండోదే.

సైలెన్సర్‌లో ఏదైనా పేలాలంటే మూడు కావాలి: కాలని పెట్రోలు, తాజా గాలి, వేడి. ఎక్సలేటర్ వదిలినప్పుడు సిలిండర్లోకి కొత్త మిశ్రమం చాలా కొద్దిగా వస్తుంది. అప్పటికే కాలిపోయిన పొగ అందులో ఎక్కువ వాటా ఆక్రమిస్తుంది. ప్లగ్గు నిప్పు వేసినా ఆ మిశ్రమం అంటుకోదు. కాలకుండానే బెండ్ పైపులోకి వెళ్లిపోతుంది. ఎక్కడైనా సందులోంచి బయటి గాలి కలిసిందంటే, తర్వాతి దఫాలో వచ్చే వేడికి అదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. అదే ఢామ్.

నేను పొరపడింది ఇక్కడే

కాలని పెట్రోలు పేలుతోందంటే పెట్రోలు ఎక్కువైనట్టే కదా, తగ్గిస్తే సరి అనుకున్నాను. బాబాయ్‌కి అదే చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఒరేయ్, గ్యాస్ పొయ్యి సన్నమంట మీదుంది. ఫ్యాను గాలి తగిలితే ఏమవుద్ది?"

"ఆరిపోద్ది."

"గ్యాసు ఆగద్దా?"

ఆగదు. అదీ సంగతి. గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువైనా మంట అంటుకోదు. వచ్చిన కాస్త పెట్రోలూ కాలకుండా బయటికి పోతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి వాటా అంతకన్నా పెరిగితే మిశ్రమం "లీన్" అంటాం, తగ్గితే "రిచ్" అంటాం. ఎక్సలేటర్ వదిలినప్పుడు వచ్చే టపటపలకి చాలాసార్లు కారణం లీన్ కావడమే. మిశ్రమం రిచ్ అయినా పేలొచ్చు. కానీ అప్పుడు నల్లపొగ, పచ్చి పెట్రోలు వాసన, ప్లగ్గుకి మసి కనిపిస్తాయి.

నా బండి లీన్ ఎందుకైంది? కంపెనీవాళ్లు కార్బరేటర్ జెట్లు ఎంచింది పాత ఫిల్టర్ డబ్బాకీ, పాత సైలెన్సర్‌కీ సరిపోయేలా. నేను రెండూ మార్చేశాను. గాలి ధారాళంగా వస్తోంది, పెట్రోలు మాత్రం పాత లెక్కే. పైగా పొట్టి సైలెన్సర్ కావడంతో వెనక చివర నుంచి కూడా గాలి లోపలికి పీల్చుకుంటుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం వరకూ ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం ఇంకాస్త లీన్ అవుతుంది. కొత్త బళ్లలో సెన్సర్లు దాన్ని సర్దుకుంటాయి. కార్బరేటర్‌కి ఆ తెలివి లేదు, మనమే సర్దాలి.

ముందు సందులు, తర్వాతే స్క్రూలు

నేను స్క్రూడ్రైవర్ తీయబోతే బాబాయ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. గాలి దొంగతనంగా దూరే చోటు ఉండగా కార్బరేటర్ ట్యూన్ చేస్తే చిల్లుకుండలో నీళ్లు కొలిచినట్టే.

మొదటి సాయంత్రం సందులు వెతికాం. బెండ్ పైపు హెడ్‌లోకి దూరే చోట, సైలెన్సర్‌తో కలిసే చోట నల్లటి మసి చార ఉంటే లీకు ఉన్నట్టే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, వేడెక్కకముందే అక్కడ సబ్బునీళ్లు రాసి చూడండి. బుడగలొస్తే ఖాయం. కార్బరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య జాయింటు దగ్గర కూడా సబ్బునీళ్లు రాయాలి. అక్కడ ఇంజన్ గాలి పీలుస్తుంది కాబట్టి బుడగలు రావు. ఐడ్లింగ్ మారితే మాత్రం లీకున్నట్టు. నా బండిలో బెండ్ పైపుకీ సైలెన్సర్‌కీ మధ్య క్లాంపు వదులు. క్లాంపు, గ్యాస్కెట్ మార్చగానే సగం టపటపలు పోయాయి!

రెండో సాయంత్రం నిప్పు సంగతి. కొత్త ప్లగ్గు వేశాం. ప్లాటినా పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్యకి తెచ్చాం. టాపెట్లు చూశాం. ఈ పాత బుల్లెట్లో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. టాపెట్ బిగుసుకుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోదు. అదీ పేలుడుకి దారే.

కార్బరేటర్‌లో ఎవరి పని వారిది

ఎక్సలేటర్ ఎంత తిప్పామన్నదాన్ని బట్టి కార్బరేటర్లో పని చేసే భాగం మారుతుంది. సున్నా నుంచి పావు వరకూ పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ. మన మెకానిక్కులు పైలట్ జెట్‌నే స్లో జెట్ అంటారు. పావు నుంచి ముప్పావు వరకూ నీడిల్. ఆ పైన మెయిన్ జెట్. మన సమస్య ఎక్సలేటర్ మూసినప్పుడు కదా, అంటే చూడాల్సింది స్లో జెట్. చాలామంది మెయిన్ జెట్ పెద్దది వేసి, టపటపలు తగ్గలేదని తల పట్టుకుంటారు.

పది నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కాక ఎయిర్ స్క్రూని మెల్లగా చివరివరకూ మూశాం. బిగించకూడదు, సీటు పాడవుతుంది. అక్కణ్ణుంచి ఒకటిన్నర చుట్టు తెరిచి, పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఐడ్లింగ్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో చూశాం. ఈ కార్బరేటర్లో ఎయిర్ స్క్రూ గాలిని కొలుస్తుంది, కాబట్టి లోపలికి తిప్పితే రిచ్. కొన్ని కొత్తరకం కార్బరేటర్లలో ఇంజన్ వైపుండే స్క్రూ మిశ్రమాన్ని కొలుస్తుంది, అక్కడ బయటికి తిప్పితే రిచ్. మీ బండిలో ఏ రకమో చూసుకుని మరీ ముట్టుకోండి.

నా బండి అర చుట్టు దగ్గర మాత్రమే బాగా పలికింది. ఒక చుట్టు కంటే తక్కువలో కుదిరిందంటే స్లో జెట్ చిన్నదని అర్థం. మూడు చుట్లు దాటితే పెద్దదని. ఒక సైజు పెద్ద జెట్ వేశాక ఒకటిన్నర చుట్టుకి వచ్చింది. తర్వాత నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి మార్చాం. అలా చేస్తే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. చివర్లో మెయిన్ జెట్ ఒక సైజు పెంచాం. ఒకసారికి ఒక్కటే మార్చడం, అదే రోడ్డు మీద థర్డ్ గేర్‌లో ఎక్సలేటర్ వదిలి వినడం, కాగితం మీద రాసుకోవడం. మన ల్యాబ్ రికార్డు లాగే, కాకపోతే ఇది కాపీ కొట్టడానికి కుదరదు. ప్లగ్గు తీసి చూస్తే లేత గోధుమరంగులో ఉంది. తెల్లగా ఉంటే లీన్, నల్లటి మసి ఉంటే రిచ్.

చివరి మాట సైలెన్సర్ గురించి

టపటపలు పోయాయి, మోత మాత్రం పోలేదు. నాలుగో సాయంత్రం సైలెన్సర్ లోపల బ్యాఫిల్ పెట్టించాను. జెట్లు మళ్లీ ఒకసారి సరిచూడాల్సొచ్చింది, నిజమే. పవర్ తగ్గినట్టు నాకైతే తెలియలేదు. సరదా మోతకి చట్టం కూడా ఒప్పుకోదు. 175 సీసీ దాటిన బైకులకి తయారీ దశలోనే 80 డెసిబెల్స్ పరిమితి ఉంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటి నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకూ జరిమానా, మూడు నెలల వరకూ జైలు పడొచ్చు. ఆ లెక్కన చూస్తే పాత సైలెన్సరే తిరిగి బిగించుకోవడం అన్నిటికన్నా మంచిది. మా అటక మీద వెతికితే దొరికింది కూడా. వచ్చే సెలవుల్లో ఆ పనే.

మొన్న ఆదివారం అదే కాలవగట్టు, అదే మలుపు. మామ్మ క్యాను పట్టుకుని వెళ్తోంది. ఎక్సలేటర్ వదిలాను. డుగ్ డుగ్‌మంటూ బండి నెమ్మదించింది, అంతే. మామ్మ తల కూడా తిప్పలేదు. నా నడక తను నడుస్తూనే ఉంది.