ఒక్క మాట ఖరీదెంత? డొమైన్ పేర్ల వెనుక లెక్కలు

2019లో ఒక ఇంగ్లిష్ మాట 3 కోట్ల డాలర్లకు చేతులు మారింది. ఆ మాట ‘వాయిస్’. దాని చివర ‘డాట్ కామ్’ ఉంది. అమ్మిన మైక్రోస్ట్రాటజీ సంస్థ ఆ ధరకు భవనమో, యంత్రమో ఇవ్వలేదు. ఇంటర్నెట్‌లో ఆ పేరును వాడుకునే హక్కును మాత్రమే కొన్నవారికి బదలాయించింది. ఇంకా ఎవరూ తీసుకోని మామూలు పేరును నమోదు చేసుకోవడానికి మాత్రం ఏడాదికి కొన్ని వందల రూపాయల నుంచి వెయ్యి పైచిలుకు వరకు చాలు.

ఈ రెండు ధరల మధ్య ఉన్న అంతరమే ఎందరినో డొమైన్ పేర్ల వ్యాపారం వైపు లాగుతోంది. జనం ఎక్కువగా వెతికే మాటను ముందే పట్టుకుని, అవసరం పడినవారికి ఎక్కువ ధరకు అమ్మడమే ఈ వ్యాపారం. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ ఏ పేరుకు గిరాకీ వస్తుందో, ఏది ఏటా రుసుము మింగుతూ మూలన పడి ఉంటుందో తెలియాలంటే పేర్ల వ్యవస్థ పనితీరు, భాష స్వభావం, కొంత గణితం, కొంత చట్టం తెలిసి ఉండాలి.

అంకెలకు పెట్టిన పేర్లు

కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెల చిరునామాలతో గుర్తిస్తాయి. మనుషులకు అంకెల కంటే పేర్లు బాగా గుర్తుంటాయి. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్ రోజుల్లో ఏ పేరుకు ఏ అంకె అన్న పట్టిక ఒకే ఫైలులో ఉండేది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దాన్ని నిర్వహించేది. మిగతా కంప్యూటర్లు దాన్ని నకలు చేసుకునేవి. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ ఒక్క ఫైలు మోయలేనంత బరువైంది. దీనికి పరిష్కారంగా 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త డొమైన్ నేమ్ సిస్టమ్‌ను రూపొందించారు.

ఈ వ్యవస్థ తలకిందులైన చెట్టులా ఉంటుంది. పైన వేరు, దాని కింద కామ్, ఆర్గ్, ఇన్ వంటి కొమ్మలు, వాటి కింద ఒక్కో పేరు. బ్రౌజర్‌లో ఒక పేరు టైప్ చేయగానే ముందు వేరు దగ్గరి సర్వర్‌కు ప్రశ్న వెళుతుంది. అది కొమ్మ సర్వర్‌ను చూపిస్తుంది. కొమ్మ సర్వర్ ఆ పేరు వివరాలున్న సర్వర్‌ను చూపిస్తుంది. చివరికి అంకెల చిరునామా దొరుకుతుంది. ఇదంతా సాధారణంగా సెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది.

ఒక కొమ్మ కింద ఒక పేరు ఒక్కసారే ఉండగలదు. ఒకే పేరున్న దుకాణాలు విజయవాడలో ఒకటి, వరంగల్‌లో ఒకటి ఉండవచ్చు. డాట్ కామ్ కింద ఆ పేరు ఇద్దరిలో ఒకరికే దక్కుతుంది. కొరత అక్కడ మొదలవుతుంది, కొరతతోపాటే ధర మొదలవుతుంది.

డాట్ కామ్ కింద తొలి నమోదు 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంప్యూటర్ సంస్థ పేరుమీద జరిగింది. 1995 సెప్టెంబరు వరకు నమోదుకు రుసుమే లేదు. ఆ తరువాత రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలైంది. ఇప్పటికీ డొమైన్ పేరు ఎవరికీ శాశ్వత ఆస్తి కాదు. డాట్ కామ్ వంటి వాటిలో ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్ల వరకే హక్కు లభిస్తుంది. గడువు దాటకముందే పునరుద్ధరించుకోవాలి. సొంత ఇల్లు కాదు, అద్దె ఇల్లు అనుకోవచ్చు.

పేర్లు కోకొల్లలు, మంచి మాటలు కొన్నే

పేరులో 26 ఇంగ్లిష్ అక్షరాలు, 10 అంకెలు, అడ్డగీత వాడవచ్చు. పొడవు 63 అక్షరాలకు మించకూడదు. అక్షరాలు మాత్రమే తీసుకుంటే రెండక్షరాల పేర్లు 676, మూడక్షరాలవి 17,576, నాలుగక్షరాలవి 4,56,976 సాధ్యం. మూడక్షరాల డాట్ కామ్ పేర్లన్నీ ఎప్పుడో నమోదైపోయాయి. పొడవు పెరిగేకొద్దీ సాధ్యమయ్యే పేర్ల సంఖ్య ఊహకు అందదు. అంటే కొరత పేర్లకు కాదు, మనిషి గుర్తుపెట్టుకోగల పేర్లకు.

భాషాశాస్త్రంలో జిఫ్ నియమం అని ఒకటుంది. ఒక భాషలో అన్నింటికన్నా ఎక్కువగా వాడే మాటతో పోలిస్తే రెండో స్థానంలోని మాట సుమారు సగం సార్లు, మూడోది సుమారు మూడో వంతు సార్లు వస్తుందన్నది దాని సారం. కొన్ని మాటలే వాడుకలో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తాయి. మిగతా లక్షల మాటలు అరుదుగా వినిపిస్తాయి. డొమైన్ పేర్ల ధరలూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. కొన్ని పేర్లు కోట్లు పలుకుతాయి, అసంఖ్యాకమైన పేర్లను అడిగేవారే ఉండరు. వార్తల్లోకి ఎక్కేవి మొదటి రకం పేర్లు మాత్రమే కాబట్టి వ్యాపారం అసలు కంటే లాభసాటిగా కనిపిస్తుంది.

విలువను ఎలా అంచనా వేస్తారు?

అనుభవం ఉన్నవారు ముందుగా ఆ మాటను నెలకు ఎందరు వెతుకుతున్నారో చూస్తారు. వెతికేవారి ఉద్దేశం అంతకన్నా ముఖ్యం. కవిత కోసం వెతికేవారు డబ్బు ఖర్చు పెట్టకపోవచ్చు. రుణం, బీమా, వైద్యం కోసం వెతికేవారు ఏదో ఒకటి కొనబోయేవారు. అందుకే అలాంటి మాటల పక్కన కనిపించే ప్రకటనకు ఒక్కో క్లిక్కుకు కంపెనీలు ఎక్కువ చెల్లిస్తాయి. ఆ ధర మాట విలువకు ఒక కొలబద్ద.

మరో పరీక్ష చెవికి సంబంధించింది. ఫోన్‌లో ఒక్కసారి విని తప్పు లేకుండా టైప్ చేయగలిగితే ఆ పేరు మంచిది. అడ్డగీతలు, అంకెలు ఉన్న పేర్లు ఈ పరీక్షలో తప్పుతాయి. పేరు గత చరిత్ర కూడా చూడాలి. అంతకుముందు మోసాలకు, చెత్త ఈమెయిళ్లకు వాడిన పేరైతే ఆ మచ్చ కొత్త యజమానికీ అంటుతుంది.

వెతికే మాటే పేరైతే గూగుల్ ముందు వరుసలో చూపిస్తుందన్న నమ్మకం ఒకప్పుడు బలంగా ఉండేది. 2012 సెప్టెంబరులో గూగుల్ తన పద్ధతిని మార్చి, సరుకు లేకుండా పేరు మాత్రమే సరిపోలే సైట్లను వెనక్కి నెట్టింది.

తెలుగు మాటకు ఎన్ని స్పెల్లింగులు?

తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు ఒక ప్రత్యేక చిక్కు ఎదురవుతుంది. ‘పాత పుస్తకాలు’ తీసుకుందాం. ‘పా’లోని దీర్ఘానికి కొందరు ఒక ‘ఏ’ రాస్తారు, కొందరు రెండు రాస్తారు. ‘త’కు కొందరు ‘టి’, కొందరు ‘టి హెచ్’ వాడతారు. మొదటి మాటకే నాలుగు రూపాలు వచ్చాయి. రెండో మాటలో ‘స్త’, ‘కా’ల దగ్గర ఇదే తేడా వస్తుంది కాబట్టి అక్కడా నాలుగు. మొత్తం 16 రూపాలు. ఒక రూపాన్ని కొన్నవారికి మిగతా 15 రూపాల్లో టైప్ చేసేవారు దొరకరు. ఇంగ్లిష్ మాటకు పనిచేసే లెక్క తెలుగు మాటకు యథాతథంగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

తెలుగు లిపిలోనే పేరు పెట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది. ‘డాట్ భారత్’ కొమ్మ తెలుగు లిపిలోనూ ఉంది. పేర్ల వ్యవస్థకు లోపల ఇంగ్లిష్ అక్షరాలే తెలుసు కనుక, పునీకోడ్ అనే పద్ధతి తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల వరుసగా మార్చి పంపుతుంది. అయితే కొత్త లిపులతో కొత్త ప్రమాదమూ వచ్చింది. తెలుగు ‘గ’, ‘ర’ అక్షరాలు కన్నడ అక్షరాలతో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు. కంటికి ఒకటిగా తోచే రెండు పేర్లతో మోసం జరగకుండా రెండు లిపులను ఒకే పేరులో కలపరాదన్న తరహా నియమాలు పెట్టారు.

గడువు తప్పితే

చాలామంది వేటగాళ్లు కొత్త పేర్ల కంటే వదిలేసిన పేర్లకోసం కాచుకుంటారు. డాట్ కామ్ పేరు గడువు ముగిశాక రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకు వెసులుబాటు ఉండవచ్చు. ఆ తరువాత అదనపు రుసుముతో విడిపించుకోవడానికి 30 రోజులు, తొలగింపుకు 5 రోజులు. ఆపై పేరు బహిరంగమవుతుంది. విలువైన పేరైతే సాఫ్ట్‌వేర్‌లు దాన్ని రెప్పపాటులో పట్టేస్తాయి.

ఇక్కడ నష్టపోయేది తరచూ చిన్న సంస్థలే. ఒక బడి లేదా ఆసుపత్రి పునరుద్ధరణ మరిచిపోయిందనుకుందాం. పాత లింకుల ద్వారా వచ్చే జనం కొత్త యజమాని పెట్టిన జూదం ప్రకటనల ముందు తేలతారు. పాత చిరునామాకు వచ్చే ఈమెయిళ్లను సైతం కొత్త యజమాని అందుకోగలడు. వాటిలో పాస్‌వర్డ్ మార్చుకునే లింకులూ ఉండవచ్చు.

చట్టం గీసిన గీత

‘పుస్తకం’, ‘విత్తనం’ వంటి సాధారణ మాటలను నమోదు చేసి అమ్మడం నేరం కాదు. మరొకరి వ్యాపార చిహ్నాన్ని పట్టుకుని బేరమాడితే అది సైబర్ ఆక్రమణ. అలాంటి వివాదాల కోసం అంతర్జాతీయ సంస్థ ఐకాన్ 1999లో ఒక విధానం తెచ్చింది. పేరు తన చిహ్నాన్ని పోలి ఉందని, నమోదు చేసినవారికి న్యాయమైన ప్రయోజనం లేదని, దురుద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నారని ఫిర్యాదుదారు నిరూపించాలి. నెగ్గితే పేరు ఆయనకు బదిలీ కావచ్చు లేదా రద్దు కావచ్చు. భారత సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో డొమైన్ పేరుకూ వ్యాపార చిహ్నం తరహా రక్షణ ఉంటుందని తేల్చింది.

పోలికతో జరిగే మోసాలను అరికట్టడానికి రిజర్వ్ బ్యాంక్ మరో దారి పట్టింది. దేశంలోని బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ పేర్లకు మారాలని ఆదేశించింది. ఆ పేర్లను నమోదు చేసే బాధ్యత హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థది. డబ్బు చెల్లించిన ప్రతివారికీ ఆ పేరు దొరకదు. పేరు చూసి బ్యాంకును నమ్మవచ్చన్న భరోసా అందులోంచే వస్తుంది.

లాభమా, నష్టమా?

ఒక వ్యక్తి ఏడాదికి 1,000 రూపాయల చొప్పున 100 పేర్లు నమోదు చేశాడనుకుందాం. ఏటా లక్ష రూపాయల ఖర్చు. ఏడాదిలో ఒక్క పేరు 40,000కు అమ్ముడైతే 60,000 నష్టం. పెట్టుబడి రావాలంటేనే ఆ ఒక్క పేరు లక్ష పలకాలి. అమ్మకపు వేదిక కమీషన్ అదనం. అమ్ముడుపోని 99 పేర్లకు మరుసటి ఏడాది మళ్లీ రుసుము కట్టాలి. ఎక్కువ పేర్లు కూడబెట్టడం కంటే గిరాకీ లేనివాటిని సమయానికి వదిలేయడమే ఈ వ్యాపారంలో అసలు నేర్పు.

ఆశ ఉన్నచోట మోసమూ ఉంటుంది. ‘మీ పేరు కొనడానికి సిద్ధం, ముందుగా ఫలానా చోట విలువ ధ్రువపత్రం తీసుకోండి’ అని వచ్చే ఈమెయిళ్లు చాలాకాలంగా తిరుగుతున్నాయి. ధ్రువపత్రానికి డబ్బు కట్టగానే కొనుగోలుదారు మాయమవుతాడు. నిజంగా కొనేవారు డబ్బును మధ్యవర్తి సంస్థ దగ్గర ఉంచి, పేరు బదిలీ అయ్యాక విడుదల చేస్తారు.

అమ్మే ఉద్దేశం లేని చిన్న వ్యాపారికీ ఈ లెక్కలు పనికొస్తాయి. పేరును దుకాణం యజమాని పేరుమీదే నమోదు చేయించుకోవాలి, సైట్ తయారుచేసిన కుర్రాడి పేరుమీద కాదు. గడువుకు ముందే రుసుము ఆటోమేటిక్‌గా చెల్లేలా చూసుకోవాలి. జనం ఎక్కువగా రాసే ఒకటి రెండు స్పెల్లింగులనూ కలిపి తీసుకోవాలి. ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండు వేలతో అయిపోయే ఈ పని, పేరు చేజారాక వేటగాడి దగ్గర లక్షలు పెట్టినా జరగకపోవచ్చు.