పదోన్నతికై న్యాయస్థానమున కెక్కిన పోలీసు అధికారి

పోలీసు ఉద్యోగి పదుగురిని న్యాయస్థానమునకు తీసికొనిపోవువాడు. అట్టివాడు తానే వాదియై, తన ప్రభుత్వమును ప్రతివాదిగా నిలిపి, న్యాయము కోరిన వ్యాజ్య మొకటి 1967వ సంవత్సరమున మన సుప్రీం కోర్టులో తీర్పునకు వచ్చినది. 'సంతరాం శర్మ - రాజస్థాన్ రాష్ట్రము' అను పేరుతో అది నేటికిని న్యాయవాదుల నోట వినబడుచున్నది. మా పాఠశాలలో చదువు పిల్లల ఇండ్లలో పోలీసు ఉద్యోగమును, రెవిన్యూ ఉద్యోగమును, రైల్వే ఉద్యోగమును ఆశించువారు తక్కువ కారు. ఉద్యోగము దొరకువరకే మన చింత యంతయు. దొరికిన పిమ్మట ప్రతి మెట్టునకును కాపలాగా నిలిచియుండు నిబంధనలను గూర్చి తలచువారు అరుదు. కావున ఆ వ్యాజ్యమును, దాని పిదప జరిగిన కొన్ని విషయములను ఇచట విశదీకరింప బూనితిమి.

ముందుగా పోలీసు శాఖలోని మెట్లను గూర్చి రెండు మాటలు. రాష్ట్ర ప్రభుత్వము నేరుగా నియమించువారు కానిస్టేబులు, సబ్ ఇన్‌స్పెక్టరు మున్నగు స్థానములలో ప్రవేశించి క్రమముగా పైకి వత్తురు. ఇండియన్ పోలీస్ సర్వీసు వేరు. అది 1951 నాటి అఖిల భారత సర్వీసుల చట్టము క్రిందికి వచ్చునది. అందలి ప్రతి అధికారికిని 'ఇతడు ఫలానా సంవత్సరపువాడు' అను లెక్క యొకటి కేటాయింపబడును. 1954లో చేయబడిన నిబంధనల ప్రకారము ఆ లెక్కను బట్టి, ఎవరు ముందు, ఎవరు వెనుక అని ఒక పట్టికను తయారుచేయుదురు. వాడుకలో సీనియారిటీ పట్టిక యనునది అదియే. ఏటేట జీతము పెరుగుచు పోవు స్థానములు క్రింద నుండును. వానికి పైన డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ జనరల్, ఇన్‌స్పెక్టర్ జనరల్ అను స్థానములు కలవు. వీనిని ఎంపిక స్థానములందురు. ఆ దినములలో రాష్ట్ర పోలీసు దళమునకు ఇన్‌స్పెక్టర్ జనరలే అధిపతి. నేడు ఆ పీఠమున డైరెక్టర్ జనరల్ ఉన్నారు.

రాజస్థానమునందలి ఆ అధికారి పేరు పట్టికలో పైన నుండెను. అయినను అతనికంటె క్రింద నున్నవారు ఎంపిక స్థానములకు పోయిరి. తుదకు వారిలో నొకరు దళాధిపతియే యైరి. పోలీసు శాఖ యనగా చేయెత్తి నమస్కరించు శాఖ. నిన్నటివరకు తనకు సెల్యూటు చేసినవానికి నేడు తాను సెల్యూటు చేయవలసి వచ్చుట ఎంత కష్టమో, యూనిఫారము తొడిగిన ఇంటివారికి చెప్పవలసిన పనిలేదు. జీతములోని వ్యత్యాసము ఆ తరువాతి మాట.

ఆయన క్రింది న్యాయస్థానములకు పోక, రాజ్యాంగము 32వ అధికరణము ననుసరించి నేరుగా సుప్రీం కోర్టునే ఆశ్రయించెను. ప్రాథమిక హక్కునకు భంగము కలిగినదని చెప్పగలిగిన పౌరునకు ఆ ద్వారము తెరచియే యుండును. ఆయన చెప్పిన భంగము 14, 16 అధికరణములకు సంబంధించినది. చట్టము నెదుట అందరును సమానులనునది మొదటిది. ప్రభుత్వోద్యోగ విషయమున అందరికిని సమానావకాశ ముండవలెననునది రెండవది.

ఆయన తరపున చేయబడిన వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఎంపిక స్థానములకు ఎవరిని ఎట్లు తీసికొనవలెనో చెప్పు నిబంధన యేదియు 1954 నిబంధనలలో లేదు. ఉన్నదంతయు సీనియారిటీ పట్టిక యొక్కటే. ఆ పట్టికను అనుసరింపనిచో దానిని తయారుచేయుట యెందులకు? నిబంధన లేనిచోట ప్రభుత్వము తన ఇచ్చవచ్చినట్లు ఉత్తరువులు వ్రాసికొని, 'యోగ్యతను చూచితిమి' అని చెప్పినచో, అది తమకు నచ్చినవారిని పైకెత్తుటకు సాకు కాదా? వాద మంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరిగినది.

ప్రధాన న్యాయమూర్తి వాంఛూగారి అధ్యక్షతను ఐదుగురు న్యాయమూర్తులు ఆ వ్యాజ్యమును విచారించిరి. తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి వి. రామస్వామిగారు. 1967 ఆగస్టు 7వ తేదీన వెలువడిన ఆ తీర్పులో అధికారి ఓడిపోయెను.

ఓటమికి చెప్పిన కారణములలో మొదటిది నిబంధనలు మౌనముగా నున్న సందర్భమునకు సంబంధించినది. శాసనబద్ధమైన నిబంధనను ప్రభుత్వము కేవలమొక ఉత్తరువుతో మార్చరాదు, రద్దుచేయరాదు. కాని నిబంధన ఏ విషయమున నోరు మెదపలేదో ఆ విషయమున, ఉన్న నిబంధనలకు విరుద్ధము కాని ఉత్తరువులతో ఆ ఖాళీని పూరింపవచ్చును. ఈ సూత్రము ఆ వ్యాజ్యముతో స్థిరపడి, పిమ్మట వందల తీర్పులలో ఉదాహరింపబడినది. అధికారి ఓడినను, ఆయన పేరు సూత్రముతోపాటు నిలిచినది. ఇది న్యాయస్థానములలో తరచు జరుగు చిత్రము.

రెండవ కారణము మాకు మరింత ఆలోచింపదగినదిగా తోచినది. సీనియారిటీ పద్ధతిలో పక్షపాతమునకు తావులేదని న్యాయమూర్తులు ఒప్పుకొనిరి. ఎవరు ఎన్నేండ్లు పనిచేసిరో లెక్కించుటకు దొరల దయ అక్కరలేదు, కాలెండరు చాలును. అయితే ఆ గుణమే దాని దోషమనియు వారు చూపిరి. అందరిలో మేలైన వానికి తప్ప తక్కినవారి కందరికిని అది న్యాయమే చేయును. పని బాగుగ చేసినను లాభము లేదు, శిక్షపడునంత చెడుగా చేయకున్న నష్టమును లేదు. ఏండ్లు గడిచినచో మెట్టు దానంతట అదియే వచ్చును. అట్లని యోగ్యత పేరు చెప్పి అంతయు పైవారి ఇష్టమునకు వదలినచో బంధుప్రీతి జొరబడును. కావున ఉన్నత స్థానములకు యోగ్యతను ముందుంచి, యోగ్యత ఇంచుమించు సమానమైనపుడు సీనియారిటీని చూచు ఆచారము సమానత్వమునకు విరుద్ధము కాదని తీర్పు చెప్పిరి. వాది పేరును కూడ తక్కినవారితోపాటు పరిశీలించియే యుండిరి గనుక ఆయన ప్రాథమిక హక్కునకు భంగము కలుగలేదనిరి.

ఇచటనే అసలు కీలకమున్నది. పదోన్నతి యెవరికిని హక్కు కాదు. పదోన్నతికై న్యాయముగ పరిశీలింపబడుట హక్కు. మన పెండ్లి బంతిని తలచుకొనుడు. పిలువబడిన ప్రతివానికిని ఆకు వేయించుకొను హక్కు కలదు. మొదటి బూరె తన ఆకులోనే పడవలెనని పట్టుబట్టు హక్కు ఎవరికిని లేదు. కాని ఆకే వేయక లేపి పంపినచో ఊరుకొనువా డుండడు. 1999లో అజిత్ సింగ్ వ్యాజ్యమున ఐదుగురు న్యాయమూర్తులు ఈ పరిశీలన హక్కును 16వ అధికరణమునందలి ప్రాథమిక హక్కుగ స్పష్టముగా పేర్కొనిరి.

అర్హతయే పోయినవాని మాట యేమి? ఈ ప్రశ్న తెలుగువారి ఇంటనే పుట్టినది. 1956లో హైదరాబాదు రాష్ట్రపు తెలంగాణమును ఆంధ్ర రాష్ట్రమును కలిపి ఆంధ్రప్రదేశ్ ఏర్పరచినపుడు, రెండు చోట్ల వేర్వేరు నిబంధనల క్రింద పనిచేసిన ఉద్యోగులు ఒక్క గొడుగు క్రిందికి వచ్చిరి. హైదరాబాదునుండి వచ్చిన ఇంజనీరింగు సూపర్వైజర్లలో పట్టము లేనివారికి పైకి పోవు దారి కొత్త నిబంధనలతో ఇరుకైనది. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము 115వ విభాగము, కేంద్రము ముందుగా ఆమోదించనిదే ఉద్యోగి సేవా షరతులను అతనికి నష్టము కలుగునట్లు మార్చరాదని చెప్పుచున్నది. వారు దానిని పట్టుకొని సుప్రీం కోర్టునకు పోయిరి. 1974లో మహమ్మద్ షుజాత్ అలీ వ్యాజ్యమున వచ్చిన తీర్పు ఒక సన్నని గీత గీచినది: పరిశీలింపబడుటకు గల అర్హత సేవా షరతు, పదోన్నతి దొరకు అవకాశము మాత్రము షరతు కాదు. అనగా ఆకు వేయకుండుట తప్పు. బంతిలో జనము పెరిగి బూరెలు చాలకుండుట తప్పు కాదు. ఆ ఉద్యోగులును ఓడిపోయిరి. ఇరువదేండ్ల కొలువు చేసినవానికి ఈ భేదము వీసమంతయు ఓదార్పు కాదని మా అభిప్రాయము. అయినను చట్టము అదియే.

రాజస్థాన్ తీర్పులో మాకు వెలితిగా తోచిన దొకటి కలదు. యోగ్యతను చూడవలెనన్నారు, బాగున్నది; ఆ యోగ్యత వ్రాయబడినది పైఅధికారి ఏటేట వ్రాయు రహస్య నివేదికలలో. అందు చెడుగా వ్రాసినపుడే ఉద్యోగికి తెలుపుట ఆచారముగా నుండెడిది. ఒక మోస్తరుగా వ్రాసిన దానిని అతడు ఎన్నడును ఎరుగడు. ఈ వెలితిని తీర్చినది 2008 నాటి దేవ్ దత్ వ్యాజ్యము. ఆయన పోలీసు కాడు, సరిహద్దు రహదారుల సంస్థలో ఇంజనీరు. వెనుకటి ఐదేండ్లును 'చాల బాగు' అని యుండినగాని పై మెట్టునకు అర్హత లేదు. ఆయనకు ఒక్క సంవత్సరము 'బాగు' అని మాత్రమే యుండెను. మెప్పువలె కనబడిన ఆ యొక్క మాట ఆయన అర్హతను హరించినది. ఆ సంగతి ఆయనకు తెలుపువారును లేకపోయిరి. చెడ్డ మాటయే కాదు, నివేదికలోని ప్రతి మాటను ఉద్యోగికి తెలుపవలెనని సుప్రీం కోర్టు శాసించినది. 2013లో ముగ్గురు న్యాయమూర్తులు సుఖదేవ్ సింగ్ వ్యాజ్యమున దానినే ఖాయపరచిరి. పిల్లల మార్కుల పట్టికపై తండ్రి సంతకము తీసికొని రమ్మని మేము పట్టుబట్టునపుడు విసుగుకొను బాలురు ఈ వ్యాజ్యమును ఒకమారు తలచుకొందురు గాక.

మరియొక సందర్భము పోలీసువారికి తరచు తటస్థించునది. అధికారిపై ఎవరో ఫిర్యాదు చేయుదురు. పదోన్నతి సమయమునకు అది యింకను తేలదు. అప్పుడు ఎంపిక సంఘము తన నిర్ణయమును సీలు వేసిన కవరులో భద్రపరచును. ఆరోపణ వీగిపోయినచో కవరు విప్పుదురు. ఫిర్యాదు వచ్చినంతమాత్రముననే కవరునకు సీలు వేయరాదనియు, అభియోగ పత్రము చేతికి అందిన పిమ్మటనే ఆ పద్ధతి చెల్లుననియు 1991లో జానకిరామన్ వ్యాజ్యమున తీర్పయినది. ఆకాశరామన్న ఉత్తరములు వ్రాయువారికి ఇది చేదుమాత్ర.

ఇక మన ప్రాంతములలోని తల్లిదండ్రులు అడుగు ప్రశ్నకు వత్తుము: తెలుగున చదివిన పిల్లవానికి రాష్ట్రభాష రాకున్న ఉద్యోగార్హత పోవునా? 1956లో భారత ప్రభుత్వము పార్లమెంటు నెదుట ఉంచిన భాషాల్పసంఖ్యాకుల రక్షణ పత్రములో, రాష్ట్రభాషా పరిజ్ఞానమును నియామకమునకు ముందటి షరతుగా పెట్టరాదనియు, ఎంపికయైన పిదప ప్రొబేషను ముగియులోపల పరీక్ష పెట్టవచ్చుననియు సూచింపబడినది. అది సూచనయే కాని చట్టము కాదు. తమిళనాడు ప్రభుత్వము 2021 చివర, రాష్ట్ర నియామక పరీక్షలలో తమిళ పత్రమున నూటికి నలుబది మార్కులు రానివారి తక్కిన పత్రములను దిద్దరాదని ఉత్తరువు చేసినది. కావున ప్రకటన వెలువడిన దినముననే అర్హతల పుటను మొదట చదువుడు. ఇచటి రాష్ట్రభాషను మా పిల్లలు రెండవ భాషగ శ్రద్ధతో నేర్చుట తెలుగునకు ద్రోహము కాదు. ప్రొబేషనులో భాషా పరీక్ష తప్పినచో, అటుపై ఎంత ప్రతిభ యున్నను ఆకు వేయరు.

నేడు అట్టి అధికారి నేరుగా సుప్రీం కోర్టునకు పోనక్కరలేదు. 1985 చట్టము వలన ఏర్పడిన కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలు ఇండియన్ పోలీస్ సర్వీసువారి ఫిర్యాదులను వినును. యానాము పుదుచ్చేరిలోనిది గనుక అచటి ప్రభుత్వోద్యోగులకును అదియే ద్వారము. కర్ణాటక, మహారాష్ట్రలకు తమ రాష్ట్ర ట్రిబ్యునళ్లు కలవు. తమిళనాడు, ఒడిశాలలో అవి ఎత్తివేయబడినవి. అచటివారు హైకోర్టునకు పోవుదురు. ట్రిబ్యునలు తీర్పు నచ్చనివారును హైకోర్టునకు పోవచ్చునని 1997లో చంద్రకుమార్ వ్యాజ్యమున నిర్ణయమైనది. సాధారణముగ ఉత్తరువు చేతికందిన యేడాదిలోపల ట్రిబ్యునలులో అర్జీ దాఖలు కావలెను. పైవారికి విన్నపములపై విన్నపములు పంపుచు కూర్చుండి ఆ గడువును పోగొట్టుకొన్నవారి కాగితములు ట్రిబ్యునళ్లలో కట్టలు కట్టలుగ నుండును.