జిగ్ సా మిషను కొంటున్నారా? కుట్టుమిషను ఎంచిన కళ్లతోనే ఎంచండి!

సింకు కింద పైపు అడ్డం వచ్చి అర పట్టదు. దేవుడి మందిరానికి ముందువైపు కమానులా ఒక పలక కావాలి. బొమ్మల కొలువుకు మెట్లు కావాలి. ఇవేవీ పెద్ద పనులు కావు. కానీ ఇంత చిన్న పనికి వడ్రంగి రావాలంటే వారాల తరబడి ఎదురుచూపే. పాపం, ఆయన తప్పూ కాదు. గంట పని కోసం రోజంతా ఉండే పని వదిలి ఎవరొస్తారు చెప్పండి? అందుకే డ్రిల్లింగ్ మిషను కొనుక్కున్న ఇళ్లవాళ్లు ఆ తరవాత అడిగేది జిగ్ సా. సన్నటి రంపం బ్లేడు పైకీ కిందకీ చకచకా ఆడుతూ చెక్కను కోసే చిన్న కరెంటు మిషను ఇది. చేతిరంపం తిన్నగానే కోస్తుంది. జిగ్ సా వంపులు కూడా తిరుగుతుంది.

"మిషన్ల సంగతి మనకేం తెలుస్తుంది?" అనుకుంటున్నారా? ఈ మిషను సంగతి మనకు తెలిసినంతగా మగవాళ్లకు తెలియదంటే నమ్మండి. ఎందుకంటే ఇది మన కుట్టుమిషనుకు చుట్టం!

సూది పోయి రంపం వచ్చె

స్విట్జర్లాండులోని సింటిల్లా కంపెనీలో ఆల్బర్ట్ కాఫ్‌మన్ అనే ఇంజనీరు ఉండేవారు. 1946లో ఆయన తన భార్య కుట్టుమిషనుకున్న సూది తీసేసి, ఆ చోట రంపం బ్లేడు బిగించి చూశారట. ఆ ఇల్లాలు ఆ రోజు ఏమన్నారో గానీ, చెక్క మాత్రం తెగింది! 1947లో ఆ కంపెనీ చేత్తో పట్టుకుని నడిపే జిగ్ సాను 'లెస్టో' పేరుతో బజారులోకి తెచ్చింది. ఆ తరవాత ఆ కంపెనీ బాష్ సంస్థలో కలిసింది.

కుట్టుమిషను కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? సూది ఊగకూడదు. పాదం గుడ్డను సరిగ్గా అదమాలి. వేగం మన అదుపులో ఉండాలి. గుడ్డకు తగిన సూది దొరకాలి. జిగ్ సాలో చూడవలసినవీ ఇవే.

వాట్లు చూసి మోసపోకండి

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది వాట్ల అంకె. వాట్లంటే మిషను తీసుకునే కరెంటు. అది కోసే తీరు ఎంత బాగుంటుందో ఆ అంకె చెప్పదు. మంట పెద్దది పెట్టినంత మాత్రాన కూర రుచి పెరగదు కదా! ఇంట్లో ఎక్కువగా వాడేది 12, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు. దానికి 500 నుంచి 650 వాట్ల మిషను చక్కగా సరిపోతుంది. 800 వాట్లని రాసి, బ్లేడు లటలటలాడే మిషను కంటే 500 వాట్లతో బ్లేడు నిటారుగా నిలిపే మిషను వెయ్యి రెట్లు నయం.

ఈ ఆరూ చూడండి

1. బ్లేడు పట్టు: అన్నిటికంటే ముఖ్యం ఇదే. ప్లగ్గు తీసి ఉండగా బ్లేడు పెట్టించి, పళ్లు తగలకుండా పక్కల పట్టుకుని కుడికీ ఎడమకీ కదిపి చూడండి. పట్టిన చోట లూజుగా ఉంటే వద్దు. బ్లేడు వెనకవైపు ఆనుకుని చిన్న చక్రం ఉండాలి. బ్లేడు పక్కకు పోకుండా కాపాడేది అదే. బ్లేడు మొదలు ఇంగ్లీషు 'టి' అక్షరం ఆకారంలో ఉండే రకాన్నే అడగండి. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి ఆ బ్లేడ్లే. స్క్రూడ్రైవరు అవసరం లేకుండా మీట లాగి బ్లేడు మార్చే మిషను అయితే మరీ హాయి.

2. పాదం: కింద చెక్కను ఆనే లోహపు పలకను బేస్ ప్లేటు అంటారు. పల్చటి రేకు అయితే ఒకసారి కింద పడితే వంగుతుంది. ఇక ఏ కోతా సరిగ్గా రాదు. మందంగా, సమంగా ఉన్నది చూసుకోండి. ఏటవాలుగా కోయడానికి ఈ పలక 45 డిగ్రీల దాకా వంగుతుంది. వంచి, మళ్లీ తిన్నగా బిగించాక కదలకూడదు.

3. బ్లేడు నడక: బ్లేడు ఒకసారి ఎంత ఎత్తుకు లేస్తుందో అదే దాని నడక. మిషన్లలో ఇది మామూలుగా 18 నుంచి 26 మిల్లీమీటర్లు ఉంటుంది. 20 ఆ పైన ఉంటే కోత త్వరగా సాగుతుంది, బ్లేడూ తక్కువ వేడెక్కుతుంది.

4. వేగం: నిమిషానికి సుమారు 3,000 సార్లు దాకా ఆడే మిషన్లు ఉన్నాయి. ఎంత ఎక్కువన్నది కాదు, ఎంత తగ్గించవచ్చన్నది చూడండి. చెక్కకు వేగం కావాలి. రేకుకీ, యాక్రిలిక్ షీటుకీ నెమ్మది కావాలి. లేకపోతే ప్లాస్టిక్కు కరిగి, కోసిన చోటే మళ్లీ అతుక్కుపోతుంది!

5. ఊపు: కొన్ని మిషన్లలో 0, 1, 2, 3 అని ఒక మీట ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ బ్లేడు ముందుకీ వెనక్కీ కూడా ఊగుతూ గబగబా కోస్తుంది. కానీ అంచు గరుకుగా వస్తుంది. నున్నటి అంచుకీ, వంపులకీ, లోహానికీ 0 మీదే ఉంచాలి. ఈ మీట ఉన్న మిషనే తీసుకోండి.

6. మీ చెయ్యి: ఈ మిషన్లు సుమారుగా ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోల దాకా తూగుతాయి. మీ పిడికిలికి పిడి ఇమడాలి, వేలికి స్విచ్చి అందాలి. పని చేసేది మీరైతే మీ చెయ్యే కొలత, మీ వారి చెయ్యి కాదు. ఒకదానిలో ఒకటి ఉన్న రెండు చదరాల గుర్తు మిషను మీద ఉందేమో చూడండి. అది ఉంటే షాకు కొట్టకుండా రెండు పొరల రక్షణ ఉన్నట్టు.

గుడ్డను బట్టి సూది, చెక్కను బట్టి బ్లేడు

పల్చటి వాయిలుకు 11 నంబరు సూది, జీన్సుకు 16 లేదా 18 వేస్తాం కదా. బ్లేడ్లకూ నంబర్లున్నాయి. ఈ నాలుగూ రాసి పెట్టుకోండి.

టి 101 బి: ప్లైవుడ్డు, పలకల మీద తిన్నటి, నున్నటి కోతకు.
టి 101 ఏఓ: సన్నటి బ్లేడు. వంపులకు.
టి 144 డి: మందపు చెక్కను త్వరగా కోయడానికి. అంచు మాత్రం గరుకు.
టి 118 ఏ: పల్చటి ఇనుప రేకుకు.

మంచి మిషనుకు మొద్దు బ్లేడు వేస్తే చెక్క మాడుతుంది, మిషను వణుకుతుంది. మనం ఇంకా గట్టిగా నెడతాం. చెయ్యి జారేది అప్పుడే. కాబట్టి కొనేటప్పుడే కొంత డబ్బు బ్లేడ్లకని పక్కన పెట్టుకోండి.

ఇంకొక్క మాట. మామూలు బ్లేడు పళ్లు పైకి చూస్తుంటాయి. అందుకని చెక్క పైభాగాన పెచ్చులు లేస్తాయి. అందమైన వైపు కిందకు పెట్టి, వెనకవైపు గీత గీసి కోయండి. గీత మీద టేపు అంటిస్తే పెచ్చులు ఇంకా తగ్గుతాయి.

షాపులో ఇలా అడగండి

మా ఊళ్లో ఒక షాపులో నేను ప్రశ్న అడిగితే, షాపాయన జవాబు మా వారికి చెప్పారు! మళ్లీ అడిగాను. మళ్లీ ఆయనకే చెప్పారు. సంచిలోంచి అరడుగు ప్లైవుడ్డు ముక్క తీసి బల్ల మీద పెట్టి, "ఈ గీత మీద కోసి చూపించండి" అన్నాను. ఆ తరవాత అన్ని జవాబులూ నాకే వచ్చాయి. మీరు కూడా ఒక ముక్క, ఒక పెన్సిలు, ఒక మూలమట్టం సంచిలో వేసుకు వెళ్లండి. కోసిన అంచుకు మూలమట్టం ఆనించండి. మధ్యలో వెలుతురు కనబడితే బ్లేడు వాలుతోందన్నమాట. కార్బన్ బ్రష్షులు విడిగా దొరుకుతాయా, బాగుచేసేవాళ్లు మీ ఊళ్లో ఉన్నారా అని కూడా అడగండి. మోటారులో ముందు అరిగేవి ఆ బ్రష్షులే. బిల్లు, గ్యారంటీ కార్డు మీద ముద్ర వేయించుకోవడం మరువకండి.

బ్యాటరీ మిషన్లూ వస్తున్నాయి. డ్రిల్లింగ్ మిషను బ్యాటరీయే దీనికీ సరిపోతే సరే, లేకపోతే ఇంటి పనికి వైరుదే లాభం.

వేళ్లు మనవి, గుర్తుంచుకోండి

కోసేటప్పుడు బ్లేడు చెక్క అడుగు నుంచి బయటకు వస్తుంది. పైనుంచి చూస్తే అది కనబడదు. చెక్క కింద చెయ్యి ఎప్పుడూ పెట్టకండి. చెక్కను ఒక చేత్తో అదిమి రెండో చేత్తో కోయడం కూడా వద్దు. బల్లకు రెండు క్లాంపులతో బిగించండి.

* బ్లేడు మార్చే ముందు ప్లగ్గు పీకేయాలి. స్విచ్చి ఆపితే చాలదు. కోసిన వెంటనే బ్లేడు కాలుతుంది, ముట్టుకోకండి.
* కొంగు బిగించి పిన్ను పెట్టుకోండి. జడ ముడి వేసుకోండి. గాజులు, వేలాడే గొలుసులు తీసేయండి.
* కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. ఎండీఎఫ్ పలకల పొట్టు మరీ సన్నం, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
* బ్లేడు పూర్తిగా ఆగాకే మిషను ఎత్తండి. వైరు మీ వెనకవైపు ఉండాలి.
* పిల్లలు ఇంట్లో ఉంటే పని అయ్యాక బ్లేడు ఊడదీసి విడిగా దాచండి.

రెండంగుళాల దూలాన్ని తిన్నగా కోయడానికి ఇది పనికిరాదు. మందంలో బ్లేడు లోపల వంగుతుంది. అలాంటిది వడ్రంగికే వదలండి.

కొన్న రోజే కొత్త పలక మీద చెయ్యి వేయకండి. పనికిరాని ముక్కల మీద ముందు తిన్నటి గీత, తరవాత వంపు కోయండి. ఆ పైన డ్రిల్లుతో 10 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, అందులోంచి బ్లేడు దించి, మధ్యలో గుండ్రంగా కోయడం నేర్చుకోండి. నెట్టవద్దు, దారి చూపిస్తే చాలు. గుడ్డను లాగితే సూది విరుగుతుందని మనకు తెలుసు కదా. ఇన్నేళ్లూ కుట్టు గీత తప్పని చేతికి చెక్క మీద గీత ఒక లెక్కా?