జీడిమామిడిలో మేలిచెట్టు నెన్నుకొనుట

భావనపాడు తీరపు ఇసుకభూములలో జీడిమామిడి వేసిన రైతుసోదరులు ఒక వింతను ఏటేటను చూచుచునే యుందురు. తోట ఒకటే, నేల ఒకటే, ఎరువు ఒకటే. అయినను ఒక చెట్టు క్రింద బుట్టలకొలది పిక్కలు రాలును, ప్రక్క చెట్టు క్రింద దోసెడే దొరకును. ఈ భేదమునకు చాలమట్టుకు కారణము చెట్టు పుట్టుకయే యని మనవి చేయుచున్నాము.

జీడిమామిడి పూగుత్తిలో మగపూలు హెచ్చు. పిక్క కట్టగల ద్విలింగపుష్పములు తక్కువ. తేనెటీగలు మొదలగునవి ఒక చెట్టు పుప్పొడిని మఱియొక చెట్టునకు చేర్చును. కావున పిక్కకు తల్లి తెలియును గాని తండ్రి తెలియదు. ఆ పిక్క నాటిన మొక్క తల్లివలె కాచునను నమ్మకము లేదు.

ఈ భేదములే క్రొత్త రకములను తయారుచేయువారికి మూలధనము. బాపట్ల జీడిమామిడి పరిశోధనస్థానమువారు 1వ నంబరు చెట్టును 39వ నంబరు చెట్టుతో సంకరపఱచి, బి.పి.పి.-8 అను రకమును 1993లో విడుదల చేసిరి. దీని పిక్క యించుమించు 8 గ్రాములు తూగును. కిలోకు సుమారు 120 పిక్కలు చాలును. నూరు కిలోల పిక్కలకు 29 కిలోల వఱకు పప్పు వచ్చును. అయితే యీ గుణములు అంటుమొక్కలోనే నిలుచును. పిక్క నాటినచో చెదరిపోవును.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానపు తోటలు వేళ్లతో కూలినవి. కూలిన చెట్టు చోట ఊరక దొరకిన పిక్కను నాటుట చౌకయని తోచును. కాని యందలి పొఱపాటు కాపు వచ్చువఱకు బయటపడదు. గడచిన యేండ్లు మరల రావు.

కావున సభ్యులు ఇట్లు చేయవలయును. బాగుగా కాచు చెట్లకు సున్నపు గుర్తు పెట్టి, వాని పిక్కలను వేఱుగా ఏఱి, తూచి, పుస్తకమున వ్రాసికొనుడు. ఒక్క యేటి కాపు చూచి మోసపోకుడు. నాలుగేండ్లు వరుసగా కాచినదే మేలిచెట్టు. దాని లేతకొమ్మలతో అంటు కట్టించుడు. తోటయంతయు ఒకే చెట్టు అంటులతో నింపినచో, దానికి సోకిన తెగులు అన్నిటికిని సోకవచ్చును. రెండు మూడు మేలిరకములను కలిపి నాటుట క్షేమము.

పిక్క తూచి చూడని రైతునకు ఏ చెట్టు తన్ను పోషించుచున్నదో, ఏ చెట్టును తాను పోషించుచున్నాడో తెలియదు. ఈ కాపునుండియే తూనిక మొదలుపెట్టుడని కోరుచున్నాము.