అబద్ధానికి తోడు నిలబడకండి

అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలంటారు మన పెద్దలు. ఆ అతుకు చాలాసార్లు వేరొకరి చేతిలో ఉంటుంది. ఆడమన్నవాడు ఒకడైతే, సరేనని ఆడేవాడు ఇంకొకడు. ఆ రెండో మనిషి కాదంటే అబద్ధం అక్కడే ఆగిపోతుంది. ఆటల చరిత్రలో ఇందుకు మంచి నిదర్శనం ఉంది. అది మన ప్రాంతంతో ముడిపడినదే.

విజయనగరం విజ్జీ స్టేడియం ఎవరి పేరు మీద ఉందో ఆ విజ్జీ, పూసపాటి విజయానంద గజపతిరాజు, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. జూలైలో మాంచెస్టర్ టెస్టు జరిగింది. మొదటి ఇన్నింగ్స్‌లో 368 పరుగులు వెనకబడిన మన జట్టు మళ్లీ బ్యాటింగ్‌కు దిగింది. ఓపెనర్లు విజయ్ మర్చంట్, ఇండోర్‌కు చెందిన సయ్యద్ ముస్తాక్ అలీ. మర్చంట్ అంటే కెప్టెన్‌కు గిట్టదు. అతన్ని రనౌట్ చేయించమని కెప్టెన్ తనతో అన్నట్టు ముస్తాక్ తరువాతి కాలంలో వెల్లడించారు.

ముస్తాక్‌కు అప్పటికి 21 ఏళ్లు. కొన్ని వారాల ముందే లాలా అమర్‌నాథ్ వంటి మేటి ఆటగాణ్ణి క్రమశిక్షణ పేరుతో టూరు మధ్యలో ఇంటికి పంపేశారు. కెప్టెన్ మాట కాదంటే ఏమవుతుందో ముస్తాక్‌కు తెలియనిది కాదు. అయినా ఆయన ఆ సంగతి మర్చంట్‌కే చెప్పేశారు. ఇద్దరూ నవ్వుకుని ఆటలో పడ్డారు. తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. మర్చంట్ 114, ముస్తాక్ 112. విదేశీ గడ్డపై భారతీయుడు చేసిన తొలి టెస్టు సెంచరీ ముస్తాక్‌దే. ఓడిపోతామనుకున్న మ్యాచ్ డ్రా అయింది. నేటి దేశవాళీ టీ20 టోర్నీ ఆయన పేరు మీదే జరుగుతోంది.

విజ్జీ ఆట కోసం సొంత డబ్బు ఎంతో ఖర్చు పెట్టారన్నదీ నిజమే. కానీ మనవాడని సాక్ష్యం దాచకూడదు. మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా న్యాయం వైపే నిలబడాలని దివ్యఖుర్‌ఆన్ నిసా సూరా 135వ ఆయత్ ఆదేశిస్తోంది.

ఇక రెండో మనిషి సరేనంటే ఏమవుతుంది? 2000 మార్చిలో నాగపూర్ వన్డేకు ముందు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే తన జట్టులోని గిబ్స్‌కు 20 పరుగుల లోపే అవుటైతే 15,000 డాలర్లు ఇస్తానన్నాడు. గిబ్స్ ఒప్పుకున్నాడు. తీరా మైదానంలో 74 పరుగులు చేశాడు. అయినా శిక్ష తప్పలేదు, ఆరు నెలల నిషేధం పడింది. క్రోన్యేను జీవితకాలం నిషేధించారు. మాట ఇవ్వడమే తప్పు అయింది.

మన ఇళ్లలోకి వద్దాం. జూనియర్ జట్టులో చోటు కోసం పిల్లవాడి పుట్టిన తేదీ మార్చే తల్లిదండ్రులున్నారు. బీసీసీఐ మణికట్టు ఎముకల ఎక్స్‌రే తీయించి వయసు అంచనా వేస్తోంది. తప్పుడు వయసు ఇచ్చినవారు స్వయంగా ఒప్పుకుంటే శిక్ష ఉండదని, పట్టుబడితే రెండేళ్ల నిషేధమని 2020లో ప్రకటించింది. అయితే ఎక్స్‌రే కంటే ముందు ఒక తండ్రి, ఒక కోచ్, ఒక గుమాస్తా ఉన్నారు. వారిలో ఒక్కరు కాదన్నా ఆ పిల్లవాడికి అబద్ధంతో ఆట మొదలుపెట్టే అవస్థ తప్పేది. అసలు వయసున్న ఇంకో పిల్లవాడి చోటూ పోయేది కాదు.

సేవాసంస్థలకూ ఇదే పరీక్ష. ఇచ్చిన దానికంటే పెద్ద మొత్తానికి రసీదు రాయమని అడిగేవారుంటారు. అర్హత లేని బంధువు పేరు స్కాలర్‌షిప్ జాబితాలో చేర్చమనేవారుంటారు. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్‌ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పేసింది. అందులో మొహమాటానికి చోటు లేదు. కార్యదర్శి, కోశాధికారి అలాంటి చోట కాదనగలగాలి. అలా కాదన్నవారిపై అలగకుండా ఉండటం దాత వంతు. లెక్కలు అడిగి చూడటం దాత హక్కు.

మహాప్రవక్త (స) మక్కా విడిచి వెళ్లే రాత్రి కూడా, తనను వెళ్లగొట్టినవారి అమానత్‌లను తిరిగి అప్పగించడానికి హజ్రత్ అలీ (ర)ని అక్కడ ఉంచి వెళ్లారు. శత్రువు సొమ్ముకే అంత లెక్క ఉన్నప్పుడు, అనాథ పిల్లల పేర మీరు ఇచ్చిన రూపాయికి ఇంకెంత లెక్క ఉండాలి!